అండమాను పట్టణములో ఆఱు దినములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



కాళిదాస మహాకవి రఘువంశము ఆఱవ సర్గయందు ఇందుమతీ స్వయంవరమును వర్ణించుచు, అచ్చటికి వచ్చిన రాజులలో కళింగనాథుడగు హేమాంగదుని ప్రస్తావించినాడు. అతడు మహేంద్రగిరికిని మహాసముద్రమునకును ప్రభువట. అతని మేడ గవాక్షముల దిగువనే సముద్రము ఘోషించుచుండునట. ఆ సముద్రతీరమునకు ద్వీపాంతరములనుండి వీచు గాలి లవంగపుష్పములను మోసికొని వచ్చునట. ఈ గ్రామమునకు ఉత్తరపు దిక్కున యాబది కిలోమీటర్లకు కొంచెము మించిన దూరములో మహేంద్రగిరి నేటికిని నిలిచియున్నది. తూర్పున భావనపాడువద్ద సముద్రము నేటికిని ఘోషించుచున్నది. లవంగముల పరిమళము రాకపోయినను, ఆ నీటికి ఆవలి ఒడ్డునుండి ఈ పల్లెలకు డబ్బు, క్షేమసమాచారములు, ఒక్కొక్కప్పుడు దుర్వార్తలు వచ్చుచునే యున్నవి.

ద్వీపాంతరగమనము ఈ తీరమునకు క్రొత్త కాదు. పూర్వము బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులలో ఓడలెక్కి బర్మాదేశమునకు కూలికి పోయినవారు లెక్కకు మిక్కిలి. రంగూను పట్టణమును పల్లెటూళ్లలో 'రంగము' అనెడివారు. 'రంగము పోయినాడు' అన్నచో ఆ యింట ఒక పీట ఖాళీ అయినదని అర్థము. 1942లో జపాను సైన్యము బర్మాను ఆక్రమించినప్పుడు వేలకొలది జనులు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశము చేరిరి; అనేకులు దారిలోనే రాలిపోయిరి. 1964 మొదలు బర్మాలో వ్యాపారములు జాతీయము చేయబడిన పిమ్మట మిగిలినవారిలోను పలువురు కాందిశీకులై తిరిగివచ్చిరి. ఆ దారి మూసికొనిపోగా, ఈ జిల్లా జనులు పట్టిన దారులలో నొకటి అండమాను దారి.

ఈ గ్రామ పరిసరములకు చెందిన ఒక రైతు ఇటీవల సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఆ దీవుల ముఖ్యపట్టణమునకు పోయి, అచ్చట ఆఱు దినములుండి తిరిగివచ్చెను. వయస్సు డెబ్బదికి చేరువ. చెఱువు క్రింద రెండున్నర ఎకరముల మడి కలదు. పగలు సేద్యము, రాత్రి భాగవతము ఆయన దినచర్య. ఆయన చిన్నకుమారుడు పండ్రెండేండ్ల క్రిందట తాపీపనికి అండమాను వెళ్లి అచ్చటనే కాపురము పెట్టినాడు. 'వానిని, వాని పెండ్లాము బిడ్డలను వెంటబెట్టుకొని వత్తును' అని భార్యతో చెప్పియే ఆయన బయలుదేరెను. ఆయన తిరిగి వచ్చి గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండి చెప్పిన విషయములును, పుస్తకములలో సరిచూచిన విషయములును కలిపి ఈ ప్రసంగము సిద్ధమైనది.

మొదట ఆ దేశపు కొలతలు విన్నవించుట ఉచితము. అండమాను నికోబారు దీవులు బంగాళాఖాతమున ఉత్తరమునుండి దక్షిణమునకు దండగ్రుచ్చినట్లుండును. పెద్దవి, చిన్నవి, వట్టి రాతిదిబ్బలు అన్నియు కలిపి 836 అని ప్రభుత్వపు లెక్క. జనులు స్థిరముగ నివసించునవి ముప్పదికి కొంచెము మించును. మొత్తము వైశాల్యము 8,249 చదరపు కిలోమీటర్లు. 2022లో విభజన జరుగకమునుపు శ్రీకాకుళము జిల్లా వైశాల్యము 5,837 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలలో మన జిల్లాలో 27 లక్షల మంది యుండగా, మనకంటె పెద్దదైన ఆ దేశములో నాలుగు లక్షల మందియైన లేరు. తక్కిన చోటంతయు ఎవరిదని అడిగినచో, అడవిది. అచ్చటి భూమిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నేటికిని అడవియే.

పట్టణమునకు పోర్టుబ్లెయిరు అను పేరు 1789లో అచ్చట మొదటి వలసను స్థాపించిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అను నౌకాధికారినిబట్టి వచ్చినది. 2024 సెప్టెంబరులో భారత ప్రభుత్వమువారు దానిని శ్రీ విజయపురమని మార్చిరి. బజారులో ఇప్పటికిని పాతపేరే వినబడునని రైతు చెప్పెను. అంతకంటె పాతదైన కాలాపానీ అను పేరు ముసలివారి నోట మాత్రము మిగిలియున్నది.

విశాఖపట్టణమునుండి ఆ దీవులకు ఓడలు అరుదు గావున ఆయన రైలులో చెన్నపట్టణము చేరి, అచ్చట ఓడ యెక్కెను. ప్రయాణము సుమారు అఱువది గంటలు. మొదటి దినము నీరు పచ్చగా నుండెను. రెండవ దినమునకు నీలమై, సాయంకాలమునకు కాటుకవలె నల్లనయ్యెను. భాగవతములో సముద్రమథన ఘట్టమును ఎన్ని మారులో చదివిన ఆ రైతు, మందర పర్వతము మునిగిన లోతు ఎట్టిదో అప్పుడు తెలిసినదనెను. ఓడ అడుగు అంతస్తులో చాపలు పఱచుకొని ప్రయాణించువారిలో సగముమంది తెలుగువారే. ఆవకాయ డబ్బాలు, చింతపండు మూటలు, ఒక పసిబిడ్డకు నామకరణమున పెట్టిన వెండి మొలత్రాడు, అన్నియు ఓడలో పోవుచుండెను. సోంపేటవారు, ఇచ్ఛాపురమువారు, నౌపడవారు ఒండొరుల ఊళ్లు అడిగి తెలిసికొని చుట్టరికములు తీసిరి.

మూడవనాడు తూర్పున ఒక నల్లని గీత కనబడెను. దగ్గఱకు పోగా అది పచ్చనయ్యెను. ఇసుక లేదు, మైదానము లేదు, తాటిచెట్టు లేదు. నీటి అంచునుండి కొండకొమ్ము వఱకు ఒక్కటే చెట్ల గోడ. హడ్డో రేవులో ఓడ దిగగానే కుమారుడు ఎదురువచ్చి కాళ్లకు నమస్కరించి, "అయ్యా, ఇలాగ సిక్కిపోనావేటి?" అనెను. అంత దూరము పోయి మొట్టమొదట చెవిని పడిన మాట ఇంటి మాటయే యగుటచే ఆయనకు కన్నులు చెమర్చినవి.

పట్టణమంతయు కొండల మీదనే. ఒక వీధి పైకి పోవును, మఱియొకటి క్రిందికి దిగును. చదునైన వీధి వెదకవలెను. జంగ్లీఘాట్ అను పేట సముద్రపు పాయ యొడ్డున నున్నది. అచ్చట వేకువజామున చేపల పడవలు ఒడ్డు చేరుసరికి బేరములన్నియు తెలుగులోనే సాగును. మన జిల్లా, విశాఖ జిల్లా మత్స్యకారులు స్వాతంత్ర్యానంతరము అచ్చటికి చేరి మూడు తరములుగా స్థిరపడినారు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి పదుమూడుగురికి పైగా మాతృభాష తెలుగు. రాళ్లు మోయువారు, గోడలు కట్టువారు, వలలు వేయువారు, అంగళ్లు పెట్టినవారు, కచేరీలలో పనిచేయువారు వారిలో కలరు.

మొదటి సాయంకాలము ఒక వింత జరిగెను. ఐదున్నర కాకమునుపే ప్రొద్దు క్రుంకెను. రైతు గడియారము చెడినదనుకొనెను. దేశమంతటికి గడియారము ఒక్కటే; ఆ పట్టణమో మిక్కిలి తూర్పున నున్నది. కావున అచ్చట సూర్యుడు ముందుగా వచ్చి ముందుగా పోవును. రెండవ వింత నీటిది. అచ్చట సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. మన జిల్లా వర్షమునకు రెండింతలు మించును. నైరృతి ఋతుపవనములు, ఈశాన్య ఋతుపవనములు రెండును అచ్చట కురిసిపోవును. అయినను ఎండకాలము వచ్చుసరికి కుళాయి నీరు దినము విడిచి దినము, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎడముగాను వచ్చును. కొండ యేటవాలు, ఏఱు కొలదిపాటి, సముద్రము చేరువ. వానచుక్క కొండమీద పడి కొద్దిసేపటికే ఉప్పునీటిలో కలిసిపోవును. పట్టణమునకు ముఖ్యాధారము ధనీఖారి ఆనకట్ట నీరు. ఇది విని రైతు తన ఊరి చెఱువుగట్టును తలచుకొనెను. తాతలు మట్టితట్టలు మోసి కట్టిన ఆ గట్టుమీద మనవలు పూడిక తీయక, ఆక్రమణలు సాగనిచ్చుచున్నారని ఆయన అరుగుమీద కొంత కోపముతోనే చెప్పెను. ఆ కోపము ఈ సభకును చెందదగినదే.

రెండవనాడు కుమారుడు తాను పనిచేయు చోటికి తీసికొనిపోవుచు, దారిలో సిప్పీఘాట్ అను తావును చూపెను. రోడ్డునకు ఇరుప్రక్కల నీరు నిలిచి, అందు చచ్చిన చెట్ల మోడులు నిలువబడి యుండెను. ఒకప్పుడు అది వరిపొలము. 2004 డిసెంబరు 26వ తేదీ భూకంపమున ఆ ప్రాంతపు నేలయే సుమారు ఒక మీటరు క్రుంగిపోయెను. సునామీ కెరటము వెనుకకు పోయినను సముద్రము పొలమును విడువలేదు. రైతు చాలసేపు అచ్చట నిలిచెను. పంట పోవుట ఆయన యెఱుగును. 2018 అక్టోబరు 11వ తేదీ తిత్లీ తుఫాను పలాసవద్ద తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు వేళ్లతో పెకలిపోవుట చూచినవాడు. కాని చెట్టు పోయినను భూమి మిగిలెను, మరల నాటవచ్చును. సర్వే నంబరే సముద్రములోనికి పోవుట ఆయన ఊహకు అందనిది.

మూడవనాడు సెల్యులర్ జైలును చూచిరి. 1858 మార్చిలో ఇన్నూఱుగురు ఖైదీలతో అచ్చట శిక్షాస్థావరము ఆరంభమైనది. వారిలో పలువురు 1857 తిరుగుబాటులో పట్టుబడినవారు. ఈ జైలు నిర్మాణము 1896లో మొదలై 1906లో ముగిసినది. నడుమ గోపురము, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు సుదీర్ఘమైన కట్టడములు, ఒక్కొక్కనికి ఒక్కొక్క కొట్టు. ఒక కట్టడపు ముఖము మఱియొక దాని వీపును చూచునట్లు కట్టుటచే ఖైదీకి తోటి ఖైదీ ముఖము కనబడదు. నేడు మూడు కట్టడములు మాత్రము మిగిలి, 1979నుండి జాతీయ స్మారకచిహ్నముగ నున్నవి. రంప పితూరీలో శిక్షపడిన మన్యపు రైతులు, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరం వెంకటాచారి ఆ గోడల నడుమ నుండినవారే.

జైలు ఆవరణలో ఒక గానుగ కలదు. కొబ్బరినూనె తీయుటకు ఖైదీలను ఎద్దులవలె దానికి కట్టి త్రిప్పించిరి. నిర్ణయించిన తూకము దిగనిచో దెబ్బలు. ఉద్దానపు కొబ్బరిని, గానుగను, గానుగెద్దును చిన్ననాటినుండి ఎఱిగిన ఆ రైతు కాడికఱ్ఱను చేతితో ముట్టి చూచి, "మనం ఎద్దుకైనా మజ్జానం మేత ఏస్తాం" అని మాత్రము అనెను. ప్రక్కనున్న యాత్రికులు ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి.

నాలుగవనాడు చాథమ్ దీవిలోని రంపపు మిల్లునకు పోయిరి. ఇది 1883లో స్థాపితమైనది. ఆసియాలో మిక్కిలి పాతవియు పెద్దవియునగు రంపపు మిల్లులలో ఇదియొకటి. ఇచ్చట కోయబడు పడౌక్ కలప ఎఱ్ఱనిది, గట్టిది. ఆ చెట్టు మన యేగిసకును, రాయలసీమ ఎఱ్ఱచందనమునకును ఒక్క కుటుంబములోని దాయాదియని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ దుంగలను అడవినుండి లాగుటకు దేశమునుండి ఏనుగులను ఓడలలో తెచ్చిరి. 1949 మొదలు తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులకు అడవి నఱికి భూములిచ్చిరి. ఇల్లు కోల్పోయినవానికి నేల యిచ్చుట ధర్మమే. ఆ ధర్మమునకు వెల చెల్లించినది అడవి. చివఱకు 2002 మే నెలలో సుప్రీంకోర్టువారు అచ్చటి అడవులలో చెట్లు నఱకుటకు గట్టి హద్దులు విధించిరి. అయినను పరీక్ష ముగియలేదు. పెద్ద నికోబారు దీవిలో రేవు, విమానాశ్రయము, పట్టణము నిర్మించుటకై సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని వినియోగించు పథకమునకు 2022లో అనుమతి లభించినది. దానిపై దేశమంతట వాదోపవాదములు చెలరేగినవి.

ఐదవనాటి ప్రయాణము తక్కిన అన్నిటికంటె ముఖ్యమైనది. పట్టణమునుండి ఉత్తరముగా జిర్కాటాంగ్ అను తనిఖీ స్థానము కలదు. అచ్చట బండ్లన్నియు వరుసకట్టి, కాపలాతో, నియమించిన వేళలకు మాత్రమే అడవిలోనికి కదలవలెను. అది జరావా జాతివారి రక్షిత భూమి. దారిలో ఆగరాదు, ఛాయాచిత్రములు తీయరాదు, తినుబండారములు ఈయరాదు. ఆ అడవిని రైతు వర్ణించిన తీరు ఇట్లున్నది: అది మూడంతస్తుల మేడ. పై అంతస్తులో గుర్జన్ వంటి మహావృక్షములు, నలువది మీటర్లకు మించినవియు కలవు. వాని మొదళ్లకు గోడలవంటి వేళ్లు ఆనుదన్నుగ నిలిచి యుండును. నడుమ అంతస్తులో వానికంటె పొట్టి చెట్లు. వానిని పెనవేసికొని పేము తీగెలు. క్రింద మిట్టమధ్యాహ్నమును సంజచీకటి.

ఇంత అడవి పెరిగిన నేల ఎంత సారవంతమోయని రైతు తలచెను. అది పొరపాటు. అట్టి వానయడవుల నేల పైపొర పలుచన. రాలిన ఆకు తడికి, వేడికి త్వరలోనే మ్రగ్గి ఎరువగును. అయిన వెంటనే వేళ్లు దానిని పీల్చుకొనును. సంపద భూమిలో నిలువ యుండదు, చెట్లలోనే తిరుగుచుండును. చెట్లు నఱికినచో కుండపోత వానకు ఆ పలుచని మన్ను సముద్రములో కలియును. గాదెలో గింజ లేకుండ, ఏ యేటి పంట ఆ యేడు తిని బ్రతుకు సంసారమువంటిది ఆ అడవి. ఒక్క పంట తప్పినను నిలువలేదు.

బండి పోవుచుండగా ప్రయాణికులలో కొందఱు మెడలు సాచి, జరావాలు కనబడుదురేమోయని కిటికీలనుండి వెదకుచుండిరి. రైతు తల వంచుకొని తన చేతులవంక చూచుకొనుచు కూర్చుండెను. ఏలనని కుమారుడు అడుగగా, "మన వాకిట్లోకి తొంగిసూసినోణ్ణి మనమేటంటాం?" అనెను. తరువాత పడవలో బండి దాటి బారాటాంగ్ చేరి, మడ అడవుల నడుమ పాయలో పోయిరి. కాకినాడవద్ద కోరంగిలోను ఇట్టి మడలే కలవు. బారాటాంగ్‌లో బురద కక్కు చిన్న గుంటలను, సున్నపురాతి గుహలను చూచి రాత్రికి ఇల్లు చేరిరి.

ఇచ్చట కొంత ఆగి, ఆ నేలకు మొదటి హక్కుదారుల గతిని చెప్పవలసియున్నది. 1858లో శిక్షాస్థావరము పెట్టునాటికి గ్రేటు అండమానీయులనబడు జాతులవారు వేలసంఖ్యలో నుండిరి. 1877లో తట్టుజాడ్యము, మఱికొన్ని క్రొత్త రోగములు వారిలో వ్యాపించినవి. ఆ రోగములను వారి శరీరములు మునుపెఱుగవు. 1901 జనాభా లెక్కలలో వారు 625 మంది. 1961లో 19 మంది. నేడు ఏబదికి కొంచెము అటునిటుగ నున్నారు. వారి భాషలలో బో అనునది యొకటి. దానిని మాటలాడు కడపటి మనిషి బోవా సీనియర్ అను వృద్ధురాలు 2010 జనవరిలో మరణించెను. అప్పటికి కొన్ని సంవత్సరములుగ ఆమెతో ఆమె భాషలో బదులు పలుకువారు లేరు. అన్వితా అబ్బి అను భాషాశాస్త్రవేత్త ఆమె మాటలను సేకరించి, ఆ జాతులవారి పదములతో నిఘంటువు కూర్చినారు. ఆ పదములు పుస్తకములో దక్కినవి. ఆ పుస్తకము తెఱచి 'అవునమ్మా' యని బదులు చెప్పువాడు లేడు.

పోయినది మాటలు మాత్రమే యనుకొనరాదు. 2004 సునామీనాడు జరావాలు, చిన్న అండమానులోని ఓంగేలు మెట్టప్రదేశములకు చేరి ప్రాణములు దక్కించుకొనిరి. సముద్రము ఎట్లు ప్రవర్తించినప్పుడు ఏమి చేయవలెనో పెద్దలు పిల్లలకు చెప్పుకొన్న కథలలో నుండెను. ఆ కథ ఆ భాషలో నుండెను. భాష చచ్చిన చోట అట్టి తెలివియు చచ్చును.

ఇక ఇంటి సంగతి. రైతునకు ఏడేండ్ల మనుమడు. తాతతో తెలుగులోనే మాటలాడును; నడుమ హిందీ మాటలు దొరలును. దీవులలో అన్ని జాతులవారిని కలుపునది హిందీయే గనుక అది సహజము. ఒకరాత్రి తాత తన సంచిలోని భాగవత కథల పుస్తకము తీసి, "సదువు నాయనా" యని వానికందిచ్చెను. వాడు బొమ్మలు చూచి త్రిప్పి యిచ్చెను. తెలుగు అక్షరములు వానికి రావు. పట్టణములో తెలుగు మాధ్యమపు బడులును కలవు. కాని వానిని ఇంగ్లీషు బడిలో వేసినారు. "నాను ఇంటికొచ్చీసరికి సీకటి పడిపోద్ది అయ్యా, ఎవులు నేర్పుతారు?" అని కుమారుడు తల వంచుకొనెను.

ఆఱవనాటి సాయంకాలము రైతు తాను వచ్చిన కార్యమును బయటపెట్టెను. ఊరికి తిరిగి రమ్మనెను. కుమారుడు కాదనలేదు. "ఉన్నది రెండున్నర ఎకరాలు. అన్నకీ నాకూ పంచితే ఎంతయ్యా?" అని మాత్రము అడిగెను. ఒక ఎకరము పాతిక సెంట్లు. ఈ లెక్కకు ఎదురు లెక్క రైతువద్ద లేదు. ఇచ్చట దినకూలికి రెట్టింపు కూలి అచ్చట దొరకుచున్నది. కోడలు కుట్టుపని చేయుచున్నది. పిల్లవాడు బడికి పోవుచున్నాడు. తాను పిలిచినది కుమారుని మేలుకొఱకో, తన ఒంటరితనము కొఱకో యని ఆ రాత్రి ఆయన చాలసేపు ఆలోచించెనట. తెల్లవారి భాగవత కథల పుస్తకమును మనుమని బడిసంచిలో పెట్టి, తాను ఒంటరిగా విమానమెక్కి చెన్నపట్టణము చేరెను. పోవునప్పుడు అఱువది గంటలు పట్టిన దూరము వచ్చునప్పుడు రెండున్నర గంటలలోపున తరిగిపోయెను. భార్యకు ఏమి చెప్పవలెనన్న చింతతో ఆ కొద్దిసేపే ఎక్కువ బరువైనదని ఆయన మాట.

గ్రామపు లెక్కలలో జమ, ఖర్చు, నిల్వ అని మూడు గళ్లుండును. ఈ యాత్రను ఆ రీతిని వ్రాసినచో, ఖర్చు గడిలో ఒక జాతియు, దాని భాషయు, అడవిలో కొంత భాగమును వ్రాయవలెను. ఖైదీల చెమటయు ఆ గడిలోనిదే. జమ గడిలో మన జిల్లా కూలివాండ్రు కట్టిన గోడలు, వారు పంపిన డబ్బుతో ఇచ్చట లేచిన ఇండ్లు, జరిగిన పెండ్లిండ్లు వ్రాయవలెను. నిల్వ గడిలో నూటికి ఎనుబది పాళ్ల అడవి యున్నది. మూడు తరములు గడచినను జంగ్లీఘాట్ రేవులో వినబడు తెలుగు మాట యున్నది. ఈ రెండు నిల్వలును కాపాడువారుండిననే నిలుచును. అడవిని కాపాడుట ప్రభుత్వములకును న్యాయస్థానములకును కొంత సాధ్యము. ఇంటి భాషను కాపాడుటకు ఏ కోర్టును ఉత్తరువీయలేదు.

తిరిగివచ్చిన మఱునాడే ఆ రైతు గ్రంథాలయమునకు వచ్చి రెండు పెద్దబాలశిక్షలు ఎచ్చట దొరకునని విచారించెను. ఒకటి మనుమనికి పంపెను, ఒకటి తనవద్ద నుంచుకొనెను. దానిలోని ఒక్కొక్క పుటను ముందుంచుకొని, ఫోనులో తాత చెప్పుచుండగా మనుమడు వ్రాయవలెను. నెలకొక కార్డు తపాలాలో పంపవలెను. ఇది వారిరువురి ఒడంబడిక. ఫోనులో మాట వినబడునుగాని అక్షరము కనబడదు. కావుననే కార్డు ఉండవలెనని ఆయన పట్టు.

ఈ గ్రామమునను, చుట్టుప్రక్కల పల్లెలలోను, బిడ్డలు దూరదేశములందున్న కుటుంబములు చాల కలవు. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఆ బిడ్డల బిడ్డలకై ఒక బీరువా కేటాయించి, వేసవి సెలవులలో వారు వచ్చినప్పుడు అక్షరాభ్యాసము చేయించుటకు సాయంకాలము ఒక గంట నియమించుట సముచితము. దీనికి అయ్యెడి ఖర్చు స్వల్పము. చెప్పగల పెద్దలు ఈ సభలోనే యున్నారు.

మొన్న జ్యేష్ఠమాసములో ఆ రైతునకు మొదటి కార్డు వచ్చెను. పెన్సిలుతో, వంకర గీతలతో, రెండు పంక్తులు: 'తాతా, ఇకడ వాన. నువు ఎపుడు వసతావు.' ఒత్తులన్నియు లోపించినవి. ఆయన దానిని చొక్కాజేబులో పెట్టుకొని నాలుగు దినములు ఊరంతయు చూపించెను. ఒక విద్యార్థి కలము తీసి ఒత్తులు దిద్దబోగా చేయి పట్టుకొని ఆపెను. బదులు వ్రాయవలసినవాడు తానేననియు, ఒత్తులు తన కార్డులో చూచి వాడే నేర్చుకొనుననియు చెప్పి, ఆ సాయంకాలమే ఈ గ్రంథాలయపు బల్లమీద కూర్చుండి బదులు వ్రాసెను.